బొగ్గుబాయి బీపీకి ఎల్లిగడ్డ చాలునా?

గోదావరిఖనిలో బీపీ ఉందని తేలినవాళ్లకు పరగడుపున ఎల్లిగడ్డ రెబ్బలు నమలమనో, మెంతులు నానబెట్టి తాగమనో సలహా చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక. డబ్బు లేక చేసే పని అనడానికీ వీల్లేదు, సింగరేణి కార్మికుడికీ అతని కుటుంబానికీ కంపెనీ ఆస్పత్రిలో వైద్యం ఉచితమే. గోలీ ఊరికే వస్తున్నా మనసు వంటింటి వైపు లాగుతోందంటే అసలు కారణం భయం. ‘మొదలుపెడితే జీవితాంతం మింగాలి’ అన్న మాట వినని ఇల్లు లేదు. పైగా బీపీ చాలామందిలో ఏ నొప్పీ పుట్టించదు. నిక్షేపంగా బాయి దిగి వస్తున్న మనిషిని రోజూ మందు వేసుకోమంటే రోగి అన్న ముద్ర వేసినట్టే. ఐదేళ్లు మించకుండా జరిగే గని కార్మికుల వైద్య పరీక్షలో అన్‌ఫిట్ అంటారేమోనన్న గుబులు ఒకటి. ఎల్లిగడ్డ తింటే ఏ కాగితానికీ ఎక్కదు కదా!

అలాగని మూలికల్లో పస లేదనలేం. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో సర్పగంధ బీపీని తగ్గిస్తుందని రాశాక ప్రపంచం అటు చూసింది. 1952లో స్విట్జర్లాండ్ సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ మొక్క వేరు నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. అది పనిచేసింది, కొందరిని తీవ్రమైన దిగులులోకి నెట్టిందన్న ఫిర్యాదులూ వచ్చాయి. ఎల్లిగడ్డ మీదా పరీక్షలు జరిగాయి. బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సగటున ఎనిమిది పాయింట్ల దాకా తగ్గింది, కానీ అక్కడ వాడినవి ఎక్కువగా కొలిచి తయారుచేసిన పొడి, సారం మాత్రలు. మన పుంటికూర కథ ఇంకా చిత్రం. ఎర్ర గోంగూర జాతి పువ్వు అడుగున ఉండే ఎర్రటి దళాల కషాయాన్ని అమెరికాలో రోజుకు మూడు కప్పులు, ఆరు వారాలు తాగించి చూస్తే పై అంకె ఏడు పాయింట్లు తగ్గిందని 2010లో ప్రచురించారు. మనం తినేది మాత్రం ఆకు, అదీ ఉప్పు దట్టించిన పచ్చడిగా! 160 ఉన్న మనిషికి ఏడెనిమిది తగ్గితే మంచిదే, అయినా 140 గీతకు పైనే ఉంటాడు.

‘మా తాతలు ఇవే తిని నిండు నూరేళ్లు బతికారు’ అంటారు. తాతల బీపీని ఎవరు చూశారు? పక్షవాతం వచ్చి పడితే గాలి సోకిందనుకున్న కాలం అది. ‘చెమటోడ్చే ఒంటికి ఉప్పు తగ్గిస్తే ఎలా?’ అన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో ఓపెన్‌కాస్ట్‌లో పనిచేసేవాళ్లకు నీరు, లవణాలు తగ్గకూడదు నిజమే. అలాంటివాళ్లు ఉప్పు ఎంతకు దించాలో డాక్టర్‌తోనే తేల్చుకోవాలి. చెమట పట్టని రోజుల్లో మాత్రం రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటను పచ్చడి జాడీ దగ్గర గుర్తుచేసుకోవచ్చు.

చెట్టు మందు కనీసం చెడు చేయదన్న నమ్మకమే అన్నిటికంటే ప్రమాదం. దుమ్ముకు వచ్చే దగ్గుకు నోట్లో వేసుకునే అతిమధురం వేరు ఎక్కువ రోజులు వాడితే ఒంట్లో పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. పచ్చి ఎల్లిగడ్డ ఎక్కువగా తినేవాళ్లు రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పి తీరాలి. గోలీ ఆపకుండా, వారం వారం బీపీ చూపించుకుంటూ ఎల్లిగడ్డ తినేవాళ్లతో ఏ వైద్యుడికీ పేచీ ఉండదు. అంకెలు నిలకడగా దిగితే గోలీ మోతాదు తగ్గించే సంగతి అప్పుడు ఆయనే ఆలోచిస్తాడు.