సైకిలు వేగానికి కనిపించే చిత్తడి నేల

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ముగిసే 30వ నంబరు జాతీయ రహదారిని వెనక్కి పట్టుకుని వెళితే కొత్తగూడెం, భద్రాచలం దాటి బస్తర్ అడవుల్లోకి ప్రవేశిస్తాం. కేశ్‌కాల్ ఘాట్ దిగాక కొండలు క్రమంగా వెనకబడతాయి. ధమ్తరి దాటేసరికి చుట్టూ వరిమడులు, చెరువులు, కాలువ గట్లు తప్ప చూపుకు అడ్డువచ్చేది పెద్దగా ఉండదు. రాయ్‌పూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల ముందు, ఈ మైదానం మధ్యలో ఉన్న చిన్న పట్టణమే అభన్‌పూర్. దేశానికి 'ధాన్యపు గిన్నె' అని పేరుపడిన ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఇదొక భాగం.

తాపీగా సైకిల్ మీద తిరగాలనుకునేవారికి ఇంత అనువైన నేల దొరకడం అరుదు. కారులో వెళ్లేవారికి ఇక్కడ పొలాలు మాత్రమే కనిపిస్తాయి. సైకిలు వేగంలో చూస్తే, మడి నుంచి చెరువుకూ చెరువు నుంచి కాలువకూ అల్లుకున్న ఒకే చిత్తడి నేల కనిపిస్తుంది. ఆ తేడా చూపుకు మాత్రమే పరిమితం కాదు. ఈ నేల భవిష్యత్తు కూడా దాని మీదే ఆధారపడి ఉంది.

చదును నేల ఇచ్చే లాభం

సైకిలు తొక్కేటప్పుడు కాళ్ల శక్తి ప్రధానంగా మూడు చోట్ల ఖర్చవుతుంది. ఎత్తు ఎక్కడానికి కొంత, రోడ్డు మీద టైర్ల రాపిడికి కొంత, గాలిని తోసుకుని వెళ్లడానికి కొంత. మనిషి, సైకిలు కలిపి 85 కిలోల బరువు అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగానికి సుమారు 50 వాట్ల శక్తి చాలు. ఓ మోస్తరు వేగంతో నడిచే మనిషి పడే శ్రమ కంటే ఇది పెద్దగా ఎక్కువ కాదు. దూరం మాత్రం దాదాపు మూడు రెట్లు సాగుతుంది.

నేల నూరు మీటర్లకు ఒక్క మీటరు ఎత్తు పెరిగినా అదే వేగానికి మరో 35 వాట్లు కావాలి. అభన్‌పూర్ చుట్టుపక్కల ఆ అదనపు భారం చాలాదూరం వరకు ఎదురుకాదు. కాలువ గట్ల మీద దారి ఇంకా సులువు. నీరు నెమ్మదిగా పారేలా తవ్వే సాగు కాలువల వాలు కిలోమీటరుకు కొన్ని పదుల సెంటీమీటర్లకు మించదు కాబట్టి, వాటి పక్క దారి కూడా అంతే చదునుగా ఉంటుంది.

వేగం పెంచితే మాత్రం లెక్క తారుమారవుతుంది. గాలి నిరోధానికి అయ్యే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే ఆ ఖర్చు ఎనిమిది రెట్లవుతుంది. గంటకు 30 కిలోమీటర్లతో వెళ్లాలంటే మొత్తం సుమారు 250 వాట్లు కావాలి. అలవాటు లేనివారు ఆ శ్రమను ఎక్కువసేపు తట్టుకోలేరు. చెట్లు తక్కువగా ఉన్న బయలులో గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి వీచినా, 15 కిలోమీటర్ల వేగానికి కావలసిన శ్రమ దాదాపు రెట్టింపవుతుంది. కొండలేని చోట గాలే కొండ అని సైకిలు తొక్కేవారు త్వరగానే గ్రహిస్తారు. గాలి ఇంకా పుంజుకోని ఉదయాలు ఇక్కడ ప్రయాణానికి మంచివి.

తాపీ ప్రయాణానికి మరో లాభం ఉంది. 200 మీటర్ల చెరువు కట్టను గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు 12 సెకన్లలో దాటేస్తుంది. సైకిలుకు 48 సెకన్లు పడుతుంది. నీటిమీద ఏ పక్షులున్నాయి, తూడు ఎంతమేర కమ్మేసింది, అలుగు దగ్గర నీరు పారుతోందా లేదా అన్నవి గమనించడానికి ఆ వ్యవధి సరిపోతుంది.

టైరు కింద నాలుగు నేలలు

చదునుగా కనిపించే ఈ మైదానం నిజానికి చిన్నచిన్న మెరకలు, పల్లాలతో నిండి ఉంటుంది. అడుగున కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయి, షేల్ పొరలున్నాయి. రైతులు పై నేలను నాలుగు రకాలుగా గుర్తిస్తారు. మెరక మీద ఉండే గరుసు ఎర్రనేల 'భాటా'. దాని కింద పసుపు ఛాయ ఉన్న తేలికనేల 'మటాసి'. ఇంకా దిగితే 'డోర్సా'. అన్నిటికన్నా పల్లంలో ఉండే నల్లని బంకనేల 'కన్హార్', అంటే మన నల్లరేగడి వంటిది.

భాటా మీద నీరు నిలవదు. కన్హార్ నీటిని పట్టుకుని ఉబ్బుతుంది, వేసవిలో ఎండి నెర్రెలు విచ్చుతుంది. మట్టి దారిలో సైకిలు తొక్కేవారికి ఈ మార్పు మ్యాపు లేకుండానే తెలుస్తుంది. గులకరాళ్ల మీద చక్రం గలగలమంటే మెరక మీద ఉన్నట్టు. బంకమట్టి మడ్‌గార్డులో ఇరుక్కుంటే పల్లంలోకి వచ్చినట్టు. పల్లం దగ్గరపడితే చెరువో మడుగో కూడా దగ్గరలోనే ఉంటుంది.

చెరువు ఎందుకు తవ్వారు

రాయ్‌పూర్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. ఇక్కడి సంప్రదాయ వరిసాగు 'బియాసి' ఆ వానతోనే ముడిపడి ఉంది. విత్తనం వెదజల్లి, సుమారు నెల తరువాత మడిలో నీరు నిలిచినప్పుడు పెరుగుతున్న పైరులోనే తేలికగా దున్నుతారు. దాంతో కలుపు పోతుంది, మొక్కలు పలుచబడతాయి. ఆ సమయానికి వాన మొహం చాటేస్తే పని ఆగిపోతుంది. అలాంటప్పుడు చెరువు ఆదుకుంటుంది.

ఛత్తీస్‌గఢీలో చెరువును 'తరియా' అంటారు. ఒకప్పటి పెద్ద ఊళ్ల చెరువుల గురించి చెప్పేటప్పుడు 'ఛై ఆగర్ ఛై కోరి' అనే మాట వినిపిస్తుంది. కోరి అంటే ఇరవై. ఆరు ఇరవైలు, పైన ఆరు కలిపి 126 చెరువులన్నమాట. కొత్త చెరువుకు పెళ్లి చేసి, నడుమ కొయ్యస్తంభం నాటే ఆచారం కూడా ఇక్కడ ఉంది. నీటి మట్టాన్ని దూరం నుంచే పోల్చుకోవడానికి ఆ స్తంభం కొలబద్దలా పనికొస్తుంది.

కోతకు ముందే తడి ఆరని వరిమడిలో 'తివరా' అనే పప్పుగింజలు చల్లే పద్ధతిని 'ఉతేరా' అంటారు. కృష్ణా డెల్టా మాగాణుల్లో మినుము చల్లే రైతుకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఈ వైవిధ్యంలో పుట్టిన వరి రకాలను రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం భద్రపరుస్తోంది. అక్కడి నమూనాల సంఖ్య 20 వేలకు పైమాటే.

పక్షులు కూడా ఈ నీటి క్రమాన్నే అనుసరిస్తాయి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. దాంతో అది నత్తను ఒడిసిపట్టి, లోపలి కండను లాగి తింటుంది. జకానా తన పొడవాటి వేళ్లతో బరువును పరచి తామరాకుల మీద నడుస్తుంది. పగలు చెరువులో విశ్రమించే ఈల బాతులు రాత్రి పూట మేత కోసం మడుల్లోకి వెళతాయి. పక్షికి మడి, చెరువు రెండు వేర్వేరు లోకాలు కావు.

చట్టం గీసిన గీత

1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కూడా చిత్తడి నేలను ఇలాగే చూస్తుంది. సహజమైనదైనా, మనిషి చేసినదైనా, ఏడాదంతా ఉన్నా, కొంతకాలమే ఉన్నా అది చిత్తడి నేలే. ఆ ఒప్పందం వర్గీకరణలో చిన్న చెరువులు, సాగు కాలువలు, వరిపొలాలకు కూడా చోటుంది.

మన దేశంలో 2017 నాటి చిత్తడి నేలల నియమాలు మాత్రం వరిపొలాలను, సాగునీటికీ తాగునీటికీ ప్రత్యేకంగా నిర్మించిన చెరువులను తమ పరిధి నుంచి మినహాయించాయి. పరిమాణం దగ్గర మరో గీత ఉంది. ఇస్రో 2011లో వెలువరించిన ఉపగ్రహ పటాల్లో దేశం మొత్తం మీద 7,57,060 చిత్తడి నేలలు తేలాయి. వాటిలో 5,55,557 ప్రదేశాల విస్తీర్ణం 2.25 హెక్టార్ల లోపే. సుప్రీంకోర్టు 2017లో కాపాడమన్న 2,01,503 చిత్తడి నేలలు ఆ పరిమితికి పైబడినవి.

అలాగని చిన్న చెరువులకు అసలు రక్షణే లేదని కాదు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కేసు ఒక ఊరి చెరువు గురించినదే. అయితే నీళ్లకూ పక్షులకూ ఆధారమైన మడి, చెరువు, కాలువల అల్లికను మొత్తంగా ఒకటిగా చూసే ఏర్పాటు లేదు. ఒక్క చెరువు పూడితే నష్టం చిన్నదే అనిపిస్తుంది. నిజానికి అక్కడ తెగేది ఆ అల్లికలోని ఒక ముడి.

అభన్‌పూర్‌కు ఇది దూరపు సమస్య కాదు. ఉత్తరాన కొత్త రాజధాని నవా రాయ్‌పూర్ విస్తరిస్తోంది. ఒకప్పుడు రాజిమ్ వైపు చీలిన న్యారోగేజ్ రైలుకు జంక్షన్ అయిన ఈ ఊరికి 2025 మార్చి 30న బ్రాడ్‌గేజ్ మెము రైలు వచ్చింది. రాకపోకలు పెరిగితే భూమి ధరలూ పెరుగుతాయి. అప్పుడు ముందుగా కన్నుపడేది పల్లపు నేల మీదే. అదే సంవత్సరం డిసెంబరులో బిలాస్‌పూర్ జిల్లాలోని కోప్రా జలాశయం ఛత్తీస్‌గఢ్‌లో తొలి రామ్‌సర్ స్థలమైంది. పెద్ద జలాశయానికి దక్కిన ఆ గుర్తింపు చుట్టుపక్కల చిన్న తరియాల మీదకు కూడా చూపు మళ్లిస్తే మేలు.

ఒక పూట ప్రయాణం

అభన్‌పూర్ నుంచి రాజిమ్ 20 కిలోమీటర్ల లోపే. మహానదిలో పైరీ, సోంఢూర్ నదులు కలిసే చోటు అది. నది నడుమనే కులేశ్వర ఆలయం ఉంది. దగ్గర్లోని చంపారణ్యం 15వ శతాబ్దపు తత్వవేత్త వల్లభాచార్యుల జన్మస్థలమని సంప్రదాయం. ఆయన తల్లిదండ్రులు తెలుగువారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎండ తీవ్రత తక్కువ, వలస పక్షులు కూడా ఆ నెలల్లోనే ఉంటాయి. పెద్ద లారీలు తిరిగే హైవేను వదిలి ఊళ్ల మధ్య దారులు పట్టడం క్షేమం.

ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి సాగుతోంది. స్వచ్ఛంద పరిశీలకులే దానికి బలం. దారిలో ఎదురైన ప్రతి చెరువు దగ్గర ఆగి, తేదీ, నీటి మట్టం, పక్షుల రకాలు, సంఖ్య రాసుకుంటే ఒక ఉదయపు ప్రయాణం ఒక నమోదుగా మారుతుంది. వచ్చే ఏడు అదే దారిలో వెళ్లినవారికి ఏ చెరువులో నీరు తగ్గిందో, ఏది కనిపించకుండా పోయిందో చెప్పగలిగేది ఆ నమోదే.