గోడ వెనుక ‘భుస్’ మనే చప్పుడు
మన ఆసుపత్రి గాలిని ఆరబెట్టే యంత్రం గురించి



పోయిన వర్షాకాలంలో అవనిగడ్డ వైపు నుంచి మనుమరాలి కాన్పుకు వచ్చిన ఒక మామ్మగారు రాత్రి పదకొండు గంటలప్పుడు వరండాలో నన్ను ఆపారు. “సిస్టరమ్మా, ఆ గోడవతల పామేదో ఉన్నట్టుందమ్మా. ఉండి ఉండి బుస కొడుతోంది” అన్నారు. నాకు నవ్వొచ్చింది గాని, ఆమె భయం నిజమైనదే. డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకు వానాకాలంలో బుస వినబడితే ముందు గుర్తొచ్చేది పామే గదా. “మామ్మగారూ, అది పాము కాదు, గాలిని ఆరబెట్టే యంత్రం. అది బుస కొడుతున్నంతసేపూ మీరు నిశ్చింతగా పడుకోవచ్చు” అని చెప్పి పంపించాను. మరునాడు ఆమె మళ్లీ వచ్చి, “గాలిని ఆరబెట్టడమేమిటమ్మా, గాలేమన్నా తడి బట్టా?” అని అడిగారు. ఆమెకు చెప్పిన జవాబే ఈ నెల మీకందరికీ వివరంగా రాస్తున్నాను.

గాలి ఊరికే దొరుకుతుంది గదా, యంత్రమెందుకు?

ఐ.సి.యు.లోనూ, నెలలు నిండని పిల్లల వార్డులోనూ మంచం తల దగ్గర గోడకు కొన్ని గొట్టపు మూతులు ఉంటాయి. ఒకదానిలో ఆక్సిజన్ వస్తుంది, మరొకదానిలో మామూలు గాలి వస్తుంది. ఈ మామూలు గాలి కూడా మాకు మందు లాంటిదే. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు ఊపిరి అందడం లేదని నూటికి నూరు పాళ్ల ఆక్సిజన్ ఎక్కువసేపు ఇస్తే కంటిలోని నరాల పొర దెబ్బతిని చూపు పోయే ప్రమాదం ఉంది. అందుకే ఆక్సిజన్‌లో గాలి కలిపి, ఆ బిడ్డకు ఎంత శాతం కావాలో అంతే ఇస్తాము. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది. ఒక బిడ్డకు 30 శాతం చాలు, ఇంకొక బిడ్డకు 40 కావాలి. ఆ కొలత కుదరాలంటే గాలి కూడా ఒత్తిడితో, ఆగకుండా, శుభ్రంగా రావాలి. వార్డుకు వచ్చే గాలి ఒత్తిడి సుమారు 4 బార్లు. ఆపరేషన్ థియేటరులో ఎముకలు కోసే, రంధ్రాలు వేసే పనిముట్లు నడవడానికి సుమారు 7 బార్లు కావాలి. కొన్ని వెంటిలేటర్లు గదిలోని గాలిని తామే పీల్చుకుంటాయి. మిగతావాటికి మాత్రం గోడలోని గొట్టమే ఆధారం.

ఆ గాలిని బయటినుంచి పీల్చి, నొక్కి, గొట్టాలలోకి పంపేది కంప్రెసర్. దాని పక్కనే నిలువుగా రెండు స్తంభాల్లా ఉండేది డ్రయ్యరు, అంటే గాలిని ఆరబెట్టే యంత్రం.

గాలిలో ఎంత నీరుంది?

న్యాయాధిపతుల గ్రంథంలో గిద్యోను కళ్లంలో గొర్రెబొచ్చు పరచి, తెల్లవారి దానిని పిండిన సంగతి మీకు తెలుసు. ఆ అద్భుతాన్ని వివరించడం నా పని కాదు. గాలి నుంచి నీరు దిగుతుందనే మాట మనకు బైబిలు చదివిన నాటినుంచీ కొత్త కాదు అని చెప్పడానికే గుర్తు చేశాను. వానాకాలంలో మన ఇళ్లలో ఉప్పు డబ్బా చెమర్చడం, అప్పడాలు మెత్తబడడం, చల్లటి మజ్జిగ గ్లాసు పైన నీటి బొట్లు పట్టడం, ఇవన్నీ గాలిలోని తేమ పనే.

ఇప్పుడు చిన్న లెక్క చూద్దాము. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క మీటరు ఉన్న పెట్టె ఒకటి ఊహించుకోండి. విజయవాడలో వాన పడే రోజున, 30 డిగ్రీల వేడిలో, ఆ పెట్టెడు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. కంప్రెసర్ ఎనిమిది పెట్టెల గాలిని ఒక్క పెట్టెలోకి కుక్కుతుంది. అంటే 190 గ్రాములకు పైగా నీరు ఒకే పెట్టెలో చేరుతుంది. ఆ వేడిలో పెట్టెడు గాలి ఆవిరిగా మోయగలిగేది 30 గ్రాములే. మిగతా 160 గ్రాములు నీరుగా కారిపోవలసిందే. గంటకు 60 పెట్టెల గాలి పీల్చే కంప్రెసర్ రోజంతా నడిస్తే ఇలా సుమారు 29 లీటర్ల నీరు దిగుతుంది. ఆకాశంలో ఉన్న నీటినే మేము బిందెలతో పట్టి పారబోస్తున్నామన్నమాట.

ఆ నీరు గొట్టాలలోకి పోతే ఏమవుతుంది? వెంటిలేటరులో ఊపిరిని కొలిచే సున్నితమైన భాగాలు తడిసి తప్పు లెక్కలు చూపిస్తాయి. ఇనుప భాగాలు తుప్పు పడతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, నిలవ నీటిలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. అసలే బలహీనంగా ఉన్న ఊపిరితిత్తులలోకి వాటిని మనమే పంపినట్లవుతుంది.

గాలిని ఎలా ఆరబెడతారు?

మొదట కంప్రెసర్ నుంచి వచ్చిన వేడి గాలిని చల్లబరుస్తారు. అప్పుడు చాలా నీరు దిగి పెద్ద ట్యాంకు అడుగున చేరుతుంది. దానిని బయటికి వదలడానికి అడుగున డ్రెయిన్ వాల్వు ఉంటుంది. తరువాత గాలి ఫిల్టర్ల గుండా పోయి నూనె, దుమ్ము వదిలించుకుంటుంది. అప్పటికీ ఆవిరి రూపంలో కొంత తేమ మిగిలే ఉంటుంది. దానిని తీసేది డ్రయ్యరు.

డ్రయ్యరులోని రెండు స్తంభాల్లో తెల్లని గోళీల వంటి గుళికలు నింపి ఉంటాయి. కొత్త చెప్పుల పెట్టెలో, మందుల సీసాలో చిన్న పొట్లం ఉంటుంది గదా, ఇవి దాని బంధువులే. ఒక స్తంభంలోని గుళికలు గాలిలోని తేమను పట్టుకుంటూ ఉండగా, రెండో స్తంభంలోని గుళికలు ఆరుతూ ఉంటాయి. ఎలాగంటే, ఆరిన గాలిలోనే కొంత భాగాన్ని వెనక్కి తిప్పి, ఒత్తిడి లేకుండా ఆ గుళికల మీదుగా బయటికి వదులుతారు. అది తేమను ఊడ్చుకుపోతుంది. కొన్ని నిమిషాలకొకసారి స్తంభాలు పని మార్చుకుంటాయి. అలా మారేటప్పుడు లోపలి ఒత్తిడి ఒక్కసారిగా బయటికి పోతుంది. మామ్మగారు విన్న బుస అదే. కాబట్టి ఆ బుస ఆగిపోతేనే మేము భయపడాలి.

వేడి అక్కరలేకుండా ఇలా రెండు స్తంభాలతో ఆరబెట్టే పద్ధతికి అమెరికాలో ఛార్లెస్ స్కార్‌స్ట్రమ్ అనే శాస్త్రవేత్తకు 1960లో పేటెంటు వచ్చింది. గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసే పి.ఎస్.ఏ. ప్లాంటు కూడా ఈ పద్ధతి నుంచి పెరిగినదే. 2021లో కోవిడ్ రెండో విడతలో ఆక్సిజన్ కోసం మనమందరం పడిన వేదన మరచిపోలేము. ఆ తరువాత 2022 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రులలో 144 పి.ఎస్.ఏ. ప్లాంట్లు ప్రారంభమయ్యాయి. వాటిలో గాలిలోని నైట్రోజన్‌ను పట్టుకునే జియోలైట్ అనే గుళికలకు తేమ శత్రువు. తడిసిన జియోలైట్ నైట్రోజన్‌ను సరిగా పట్టుకోలేదు, అప్పుడు ఆక్సిజన్ శాతం పడిపోతుంది. అందుకే అక్కడ కూడా ముందు గాలి ఆరాలి, తరువాతే ఆక్సిజన్.

ఎంత ఆరింది అని ఎలా తెలుస్తుంది?

ధాన్యం అమ్మే రైతులకు ఇది సులువుగా అర్థమవుతుంది. కొనుగోలు కేంద్రంలో గింజలు మీటరులో పోసి తేమ 17 శాతం దాటిందా అని చూస్తారు. చేతితో పట్టి చూసి “ఎండింది లెండి” అంటే ఒప్పుకోరు. మా గదిలో కూడా ఒక మీటరు ఉంది. అది డ్యూ పాయింట్, అంటే ఎంత చల్లబరిస్తే ఈ గాలిలో నీటి బొట్టు పుడుతుందో ఆ ఉష్ణోగ్రతను చూపిస్తుంది. అంకె ఎంత కిందికి ఉంటే గాలి అంత పొడిగా ఉన్నట్టు. బ్రిటన్ ఆసుపత్రుల నియమావళి ప్రకారం మామూలు వాతావరణ ఒత్తిడి దగ్గర కొలిస్తే ఇది మైనస్ 46 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉండాలి.

నేను మరచిపోలేని ఒక రాత్రి

చాలా ఏళ్ల క్రితం నేను వేరొక ఆసుపత్రిలో వార్డు ఇన్‌చార్జి సిస్టరుగా ఉన్నప్పుడు జరిగిన సంగతి ఇది. మూడు రోజులుగా ముసురు. రాత్రి రెండు గంటల వేళ నెలలు నిండని బిడ్డ దగ్గర వెంటిలేటరు అలారం మోగింది. చూస్తే గాలి గొట్టం దగ్గర నీటిని ఆపే చిన్న గిన్నె నిండిపోయి, నీరు యంత్రంలోకి పోతోంది. డ్యూటీ సిస్టరు వెంటనే బిడ్డను యంత్రం నుంచి వేరుచేసి అంబు బ్యాగుతో ఊపిరి అందించింది. వేరే యంత్రం తెచ్చి పెట్టేవరకు నలభై నిమిషాలు వంతులవారీగా బ్యాగు నొక్కాము. దేవుని దయవలన బిడ్డ దక్కింది.

తెల్లవారి చూస్తే ట్యాంకు అడుగున డ్రెయిన్ వాల్వు తుప్పు, నూనె జిడ్డుతో పూడుకుపోయి ఉంది. టెక్నీషియన్ సెలవులో ఉన్నాడు. కానీ రిజిస్టరులో ఆ మూడు రోజులకూ “డ్రెయిన్ చేయబడినది” అని టిక్కులున్నాయి. వాటి కింద నా సంతకం కూడా ఉంది. గదిలోకి వెళ్లి చూడకుండా, కాగితం చూసి పెట్టిన సంతకం అది. ఆ బిడ్డ తల్లి నా చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెబుతుంటే నేను తలెత్తి ఆమెను చూడలేకపోయాను. అప్పటినుంచి ఆ గదిలోకి వెళ్లి, నీరు కారడం కంటితో చూడకుండా నేను ఏ రిజిస్టరులోనూ సంతకం పెట్టలేదు.

మా సిబ్బంది ప్రతిరోజూ చేసే పనులు

1. ఆటోమేటిక్ డ్రెయిన్ ఉన్నా సరే, ప్రతి షిఫ్టులో చేతితో ఒకసారి తెరచి నీరు వస్తుందో లేదో చూస్తారు.
2. ఒత్తిడి, డ్యూ పాయింట్ అంకెలు, గది వేడి రాసుకుంటారు. వేడి గాలి ఎక్కువ తేమను మోస్తుంది కనుక ఎండాకాలంలో డ్రయ్యరుకు పని పెరుగుతుంది.
3. రెండు స్తంభాలూ సమయానికి మారుతున్నాయా, బుస వస్తోందా అని వింటారు.
4. ఫిల్టరుకు ముందు, వెనుక ఒత్తిడిలో తేడా పెరిగితే దానిని మారుస్తారు.
5. ఏ భాగం విప్పాలన్నా ముందు రెండో యంత్రం మీదికి సరఫరా మార్చి, విప్పే భాగంలో ఒత్తిడి పూర్తిగా వదిలేస్తారు.

గాలిని ఆరబెట్టి మళ్లీ నీళ్ల సీసాలో పంపుతారెందుకు?

ఇది చాలామంది అడిగే మంచి ప్రశ్న. మన ఊపిరితిత్తులకు తేమ కావాలి. కాని అది శుభ్రమైన నీటి నుంచి, సరైన వేడితో, కొలతగా రావాలి. తుప్పు పట్టిన ట్యాంకు అడుగు నుంచి రాకూడదు. అందుకే ముందు తెలియని నీటిని పూర్తిగా తీసేసి, మంచం దగ్గర తెలిసిన నీటిని కలుపుతాము. ఇంట్లో ఆక్సిజన్ వాడేవారు కూడా ఇది గుర్తుంచుకోండి. సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోయండి. నీటిని రోజూ మార్చండి, పాత నీటిపైన కొత్త నీరు కలపవద్దు.

మీరు చేయవలసినవి

కంప్రెసర్ గది కిటికీ దగ్గర వెచ్చని గాలి వస్తుందని వానాకాలంలో కొందరు తడి బట్టలు ఆరవేస్తున్నారు. దయచేసి వేయకండి. ఆ గాలి బయటికి పోకపోతే గది వేడెక్కి యంత్రం ఆగిపోతుంది. గాలి పీల్చే గొట్టం దగ్గర మోటారు సైకిళ్లు, ఆటోలు నిలపవద్దు, చెత్త తగలబెట్టవద్దు. డ్రయ్యరు తేమను తీస్తుంది గాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ విషవాయువును తీయలేదు. మీరు బయట వదిలిన పొగే లోపల ఎవరి బిడ్డకో ఊపిరిగా వెళుతుంది.

కోవిడ్ సమయంలో కొన్న ఆక్సిజన్ కాన్సెంట్రేటర్లు చాలా ఇళ్లలో, కొన్ని సంఘాలలో మూలన ఉన్నాయి. వాటిలోనూ తేమకు పాడయ్యే జియోలైటే ఉంది. వంటింటి పక్కన, తడి గోడకు ఆనించి పెట్టకండి. దానితో వచ్చిన పుస్తకంలో చెప్పిన ప్రకారం అప్పుడప్పుడు నడపండి. బయటి స్పాంజి ఫిల్టరును సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి పెట్టండి. మళ్లీ ఎవరికైనా వాడే ముందు ఆక్సిజన్ శాతం పరీక్ష చేయించండి.

చివరగా సంఘ పెద్దలకు ఒక మనవి. కొత్త యంత్రం కొనడానికి చందా ఇచ్చి, దానిమీద పేరు రాయించేవారు దొరుకుతారు. ఫిల్టర్లకూ గుళికలకూ ఇచ్చేవారు అరుదు, ఎందుకంటే వాటిమీద పేరు రాయడానికి చోటుండదు. అయినా యంత్రం నడిచేది వాటివలననే. ఈసారి కృతజ్ఞతార్పణ ఇచ్చేటప్పుడు వాటిని కూడా జ్ఞాపకం చేసుకోండి.

మామ్మగారు ముని మనుమరాలిని ఎత్తుకుని ఇంటికి వెళ్లే రోజున గోడవైపు చూసి, “బుస కొడుతూనే ఉందమ్మా” అని నవ్వి వెళ్లారు. అది అలాగే కొడుతూ ఉండేటట్లు మా కోసం, ఆ గదిలో రాత్రింబవళ్లు పనిచేసే సిబ్బంది కోసం ప్రార్థించండి.

దేవుడు మిమ్మును మీ కుటుంబములను ఆరోగ్యముతో కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్