రెండో బండ ఎక్కడ పెట్టాలి?

షోలాపూర్‌లో మన ఇండ్లు ఎట్లుంటాయో మీకు కొత్తగా చెప్పేదేముంది? ముందు గదిలో సాంచాలు. వెనక గదిలోనే వంట, పడక, బీడీల చాట. ఆ వెనక గదిలోనే గ్యాస్ బండ. ఇప్పుడు చాలా ఇండ్లల్లో రెండేసి బండలున్నాయి. ఒకటి పొయ్యి దగ్గరుంటుంది. మరి నిండుది ఎక్కడ పెడుతున్నారని మా గల్లీలో అడిగి చూశాను. కొందరు మంచం కింద అన్నారు, కొందరు మెట్ల కింద అన్నారు. ఒకరింట్లో సాంచ పక్కనే, నూలు మూటల వెనక ఉంది.

"మూత పెట్టే ఉంది కదక్కా, ఏమైతది?" అన్నది ఆ ఇంటి కోడలు.

అడగవలసిన ప్రశ్నే. బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ద్రవం. బయటికొస్తే ఒక లీటరు సుమారు 250 లీటర్ల గ్యాసవుతుంది. అది గాలికన్నా బరువు. పొగలాగా పైకి పోదు, నీళ్లలాగా నేలమీద పాకి మంచం కింద, మూలల్లో నిలుస్తుంది. పైన కిటికీ ఉన్నా చాలదు, నేల దగ్గర గాలి ఆడాలి. అటువంటప్పుడు సాంచ మోటారు స్విచ్చి వేస్తే వచ్చే నిప్పురవ్వ చాలు. చుట్టూ దూది నూగే కదా, మంట ఆగదు.

2016 గ్యాస్ సిలిండర్ల నియమాల ప్రకారం లైసెన్సు లేకుండా 100 కిలోల దాకా వంటగ్యాసు ఉంచుకోవచ్చు. ఇంటి బండలో 14.2 కిలోలు, అంటే ఏడు బండలు. చట్టం ఒప్పుకుంది కదా అని మన గదిలో ఏడు పెడతామా? పెండ్లి వంటకు 19 కిలోల బండలు ఆరు తెచ్చి ఒకచోట పెడితే 114 కిలోలు. అది హద్దు దాటినట్టే.

అందుకే మా గల్లీ ఆడవాళ్లం కూర్చొని కొన్ని మాటలు అనుకున్నం.

నిండుదైనా ఖాళీదైనా బండను నిలబెట్టే ఉంచాలి, మూత బిగించాలి. సాంచాల గదిలో, మంచం కింద, మెట్ల కింద వద్దు. మోరీ పక్కన అసలే వద్దు, గ్యాసు అందులోకి దిగుతుంది. పెద్ద బండ నుంచి చిన్న బండలోకి నింపుకోవడం బంద్, అది నేరం కూడా. బండ తెచ్చిన అబ్బాయి తొందరలో ఉన్నా, లీకు చూసిన తర్వాతే పంపాలి. బండ మీద తేదీ కూడా చూడాలి: సి-27 అని ఉంటే 2027 సెప్టెంబరుతో గడువు ముగుస్తుంది. రబ్బరు పైపు ఐదేండ్లకొకసారి మార్చాలి.

అసలు చిక్కు చోటు లేని ఇండ్లది. "బండ అయిపోతే వారం రోజులు ఏం చేయాలి?" అని ఒక పెద్దమ్మ అడిగింది. ఆమె భయం నిజమే. చోటు లేనివాళ్లు ఒక్క బండతోనే ఉండాలని, అది అయిపోతే కొత్తది వచ్చేదాకా పక్కింటి పొయ్యి మీద వండుకోవాలని ఒప్పుకున్నం. చట్టంలో లేకపోయినా మాకు అన్నిటికన్నా పనికొచ్చే రూలు ఇదే.

వాసనొస్తే స్విచ్చి వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, అందరూ బయటికి రండి. దూరం పోయాకే 1906కు ఫోన్ చేయండి.

ఇది చదవలేని పెద్దవాళ్లకు చదివి చెప్పండి. పగలంతా ఇంట్లో ఉండేది వాళ్లే, వాసన ముందు తెలిసేదీ వాళ్లకే.