జైలులో తయారైన రికార్డు

గాయకులు మామూలుగా బయటి చప్పుడు చొరబడని గదిలో పాడి రికార్డులు తయారుచేస్తారు. తప్పు వస్తే మళ్ళీ పాడవచ్చు. కాని కొన్ని రికార్డులను నిండు సభలోనే తయారుచేస్తారు. వాటిలో శ్రోతల చప్పట్లూ, ఈలలూ కూడా వినిపిస్తాయి. అటువంటి రికార్డు ఒకటి జైలులో తయారయింది!

రాక్ అండ్ రోల్ కొత్తగా వచ్చిన రోజుల్లో పైకి వచ్చిన అమెరికా గాయకుడు జానీ కాష్. ఆయన వైమానిక దళంలో ఉండగా, కాలిఫోర్నియాలోని ఫాల్సమ్ జైలును గురించిన సినిమా ఒకటి చూశాడు. అది చూశాక ఒక ఖైదీ దుఃఖాన్ని పాటగా కట్టి 1955లో పాడాడు. తమ దగ్గరికి వచ్చి పాడమని ఖైదీలు ఆయనకు ఉత్తరాలు రాయసాగారు.

1968 జనవరి 13న ఫాల్సమ్ జైలు భోజనశాలలో కచేరీ ఏర్పాటయింది. ముందు రోజు రాత్రి ఒక మతగురువు కాష్‌కు ఒక టేపు వినిపించాడు. ఆ జైలులోనే ఉన్న గ్లెన్ షెర్లీ అనే ఖైదీ, అక్కడి ప్రార్థనాలయం మీద కట్టిన పాట అది. కాష్ దాన్ని రాత్రికి రాత్రే నేర్చుకున్నాడు.

కచేరీనాడు షెర్లీ ముందు వరసలో కూచున్నాడు. అతనికి ఈ సంగతేమీ తెలియదు. చివరకు కాష్ ఆ పాట కట్టినవాడి పేరు చెప్పి, పాట అందుకున్నాడు. ఖైదీలు ఆనందంతో కేకలు వేశారు.

ఆ ఏడే రికార్డు విడుదలై ఎంతో పేరు పొందింది. అందులో పాటల మధ్య జైలు లౌడ్‌స్పీకరు ఒక ఖైదీని నంబరుతో పిలవటం వినిపిస్తుంది. షెర్లీని మాత్రం లోకమంతా పేరుతోనే ఎరిగింది.