బరువు నెత్తు నేర్పు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములలో పాత ఇంటిపై మేడగది వేసికొనుట నేడు పరిపాటి. అట్టి చోట్ల కూలీలు ఇటుకలను, సిమెంటు బస్తాలను, ఇనుప చువ్వలను పైకి చేర్చుచుందురు. చూచువారి కిది కండబలముతో సాగు పనిగా దోచును. నిజమునకు బలముకంటె నేర్పే అందు ప్రధానము. ఆ నేర్పు లోపించినచో కలుగు నష్టము ధనముతో తీరునది కాదు.

బరువు నెత్తుటలో మొదటి సూత్రము బరువును తగ్గించుట. భూపాలపల్లికి సమీపమున, నేటి ములుగు జిల్లాలోని పాలంపేటలో రామప్ప దేవాలయము కలదు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దానిని నిర్మింపజేసెను. 2021లో అది ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందెను. క్రింది స్తంభములు గట్టి రాతివి. పై విమానమునకు మాత్రము నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలను వాడిరి. మేడగదుల గోడలకు తేలిక ఇటుకలు వాడుటలోని మర్మము నిదియే.

రెండవ సూత్రము సాధనము నెరుగుట. బావి గిలక అందరును చూచినదే. పైదూలమునకు గట్టిన గిలకతో 50 కిలోల బస్తాను ఎత్తుటకు ఇంచుమించు 50 కిలోల బరువుతో సమానమైన బలముతోనే లాగవలెను. క్రిందికి లాగుట సులభమగుటయే దాని లాభము. కాని బస్తా బరువు, లాగువాని బలము రెండును కలిసి దూలముపై 100 కిలోల భారము పడును. ఈ సంగతి తెలియక బలహీనమైన వాసమునకు గిలక గట్టుట ప్రమాదకరము. బస్తాతోపాటు కదలు రెండవ గిలకను చేర్చినచో సగము బలము చాలును. అయితే 3 మీటర్లు ఎత్తుటకు 6 మీటర్ల మోకు లాగవలసియుండును.

మూడవ సూత్రము జాగ్రత్త. ఆరు మీటర్ల ఎత్తునుండి జారిన ఇటుక నేలను తాకునప్పటికి దాని వేగము గంటకు 39 కిలోమీటర్లకు చేరును. కావున ఎత్తబడు బరువు క్రింద ఎవ్వరును నిలువరాదు. తలకు రక్షణటోపీ తప్పనిసరి. ప్రతిదినము మోకును పరీక్షించి, పోగులు తెగినదానిని విడిచిపెట్టవలెను. ఇటుకలను విడిగా విసరక తట్టలో నుంచి ఎత్తవలెను. విద్యుత్తు తీగలకు దగ్గరగా చువ్వలను నిలువుగా ఎత్తుట మృత్యువును పిలుచుటయే. పైనున్నవానికి, క్రిందివానికి నడుమ ఒక్కడే సైగ చేయవలెను.

పైకి చేరిన సామగ్రిని కప్పు నడుమ గుట్టగా పోయరాదు. గోడలకు, దూలములకు చేరువగా పలుచగా పరచవలెను. పచ్చి కప్పుపై బరువు వేయరాదు.

ఇల్లు సుఖముగా బ్రదుకుటకు కట్టుకొనునది. దానిని కట్టినవారును సాయంకాలము క్షేమముగా తమ యిండ్లకు చేరినప్పుడే ఆ గృహము నిజముగా శుభప్రదమగును.