బానిసగా పుట్టిన ఇంటికి యజమానిగా



యోసేపు కథ మన ఇండ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అమ్ముడుపోయినవాడు అధికారి అయ్యాడు. అమ్మినవారు ఆకలితో వచ్చి ఎదుట నిలిచారు. అప్పుడు ఆయన ఏమి చేశాడు? అటువంటి పరీక్షే 19వ శతాబ్దంలో అమెరికాలో ఒక నల్లజాతి మనిషికి ఎదురైంది. ఆయన పేరు రాబర్ట్ స్మాల్స్. ఈ నెల ఆయన జీవితాన్ని మీ ముందుంచుతున్నాము.

పెరటి గదిలో పుట్టుక

దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని బ్యూఫోర్ట్ పట్టణంలో, మెక్కీ అనే దొర ఇంటి పెరట్లో, బానిసలుండే గదిలో 1839 ఏప్రిల్ 5న రాబర్ట్ పుట్టాడు. తల్లి లిడియా ఆ ఇంట్లో పనిచేసే బానిస. 12 ఏళ్ల వయసులో దొర అతనిని చార్ల్‌స్టన్ రేవు పట్టణానికి కూలికి పంపాడు. కష్టం రాబర్టుది, కూలిలో ఎక్కువ భాగం దొరది. ఆ రేవులోనే ఓడ నడపడం నేర్చుకున్నాడు. 1856లో హన్నా అనే బానిస స్త్రీని పెండ్లాడాడు. భార్యనూ బిడ్డనూ విడిపించుకోవాలంటే 800 డాలర్లు కట్టాలి. అంత సొమ్ము ఎన్నటికి పోగయ్యేను?

విడుదల ప్రయాణం

1861లో అంతర్యుద్ధం మొదలైంది. బానిసత్వాన్ని నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాది సైన్యం ‘ప్లాంటర్’ అనే ఆవిరి ఓడలో రాబర్టును పనికి పెట్టింది. 1862 మే 13 తెల్లవారుజామున, తెల్ల అధికారులు ఒడ్డున నిద్రిస్తుండగా, 23 ఏళ్ల రాబర్ట్ కెప్టెన్ గడ్డి టోపీ తలమీద పెట్టుకుని ఓడను కదిలించాడు. దారిలో తన భార్యాపిల్లలనూ తోటివారి కుటుంబాలనూ ఎక్కించుకున్నాడు. పట్టుబడితే ఓడను ముంచి ప్రాణాలు విడవాలే గాని తిరిగి బానిసలుగా పోకూడదని వారు ముందే నిశ్చయించుకున్నారు.

ఫిరంగులున్న సమ్టర్ కోట ఎదురుగా వచ్చినప్పుడు, రోజూ కెప్టెన్ చేసినట్టే ఈల గుర్తులు వేశాడు. కావలివారు పోనిచ్చారు. తెల్ల దుప్పటిని జెండాగా ఎగరేసి ఉత్తరాది నౌకలను చేరుకున్నాడు. యుద్ధం ముగిసేలోగా అదే ‘ప్లాంటర్’కు ఆయనే కెప్టెన్ అయ్యాడు. 1864లో ఓడ మరమ్మతు కోసం ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడు చదవడం, రాయడం నేర్చుకున్నాడు.

అంగడి, బడి, శాసనసభ

యుద్ధానంతరం బ్యూఫోర్టులో అంగడి తెరిచాడు. నల్లజాతి పిల్లల బడి కోసం ఒక మేడ కొన్నాడు. పెద్దవాడయ్యాకే అక్షరం దొరికిన మనిషి కనుక, 1868లో రాష్ట్ర రాజ్యాంగం రాసిన సభలో పిల్లలందరికీ ఉచిత విద్య కావాలని పట్టుబట్టాడు. అదే సంవత్సరం రాష్ట్ర శాసనసభకు, 1870లో రాష్ట్ర సెనేటుకు, తరువాత అమెరికా కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు. 1877లో లంచం కేసులో శిక్ష పడింది. తాను నిర్దోషినని ఆయన చెప్పాడు. 1879లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చాడు.

ఆ ఇల్లు

తాను పుట్టిన మెక్కీ ఇంటిని, పన్ను బకాయి కింద ప్రభుత్వం వేలం వేసినప్పుడు, యుద్ధకాలంలోనే రాబర్ట్ కొన్నాడు. పాత హక్కుదారు కోర్టుకెక్కాడు. దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1878లో రాబర్టే గెలిచాడు.

యుద్ధం తరువాత మతి చలించిన ముసలి దొరసాని ఒకనాడు ఆ గుమ్మానికి వచ్చిందని, ఇల్లు ఇంకా తనదేననుకుని లోపలికి నడిచిందని బ్యూఫోర్టులో చెప్పుకుంటారు. రాబర్ట్ ఆమెను గెంటలేదు. ఆమె గది ఆమెకిచ్చి కడవరకు చూసుకున్నాడట.

ఇక్కడ ఒక సంగతి గమనించమని మనవి. ఆయన దొరసానికి గది ఇచ్చాడు గాని, ఇంటి హక్కును ఎవరికీ వదులుకోలేదు. 1895లో నల్లవారి ఓటు తీసివేయాలని కొత్త రాజ్యాంగం రాసినప్పుడు, ఆ సభలో ఉన్న ఆరుగురు నల్లజాతి సభ్యులలో ఆయన ఒకడు. ఎదిరించి మాట్లాడాడు, ఓడిపోయాడు, అయినా దానిమీద సంతకం చేయలేదు. పగ వేరు, హక్కు వేరు. క్షమించమంటే అన్యాయాన్ని ఒప్పుకోమని కాదు. మన సంఘాలలో ఈ రెంటినీ కలిపివేసి, దెబ్బతిన్నవారినే నోరు మూసుకోమనడం మనం చూస్తూనే ఉన్నాము. అది క్షమాపణ కాదు.

1915 ఫిబ్రవరి 23న రాబర్ట్ స్మాల్స్ ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. బ్యూఫోర్టులోని టాబర్నకిల్ బాప్టిస్టు చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఈ రెండు ప్రశ్నలు తలంచుకొందము. మనకు కీడు చేసినవారు అక్కరలో మన గుమ్మం ముందు నిలిస్తే తలుపు తీస్తామా? బలహీనుని హక్కు పోతున్నప్పుడు, ఒంటరిగానైనా నిలబడతామా? ఈ రెంటికీ కావలసిన కృపను ప్రభువు మన అందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.