బడికీ ఒక ప్రోగ్రెస్ కార్డు

పిల్లలూ! మీకు మార్కులిచ్చే బడికే ప్రోగ్రెస్ కార్డు ఉంటుందని తెలుసా?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉంటుంది. ప్రతి ప్రభుత్వ పాఠశాలా తన బాగోగులను ఏటా తల్లిదండ్రులకూ, ఊరివారికీ తెలపాలని 1988లో అక్కడి ప్రజలు ఓట్లు వేసి నిర్ణయించారు. ఫిబ్రవరి 1వ తేదీలోగా ఆ నివేదిక వెలువడాలి. పరీక్షా ఫలితాలు, ఉపాధ్యాయుల అర్హతలు, అందరికీ పుస్తకాలు ఉన్నదీ లేనిదీ, కట్టడాల స్థితి - అన్నీ అందులో ఉంటాయి.

హైస్కూలు నివేదికలో ఒక లెక్క ముఖ్యమైనది. అక్కడ హైస్కూలు చదువు నాలుగేళ్లు. తొమ్మిదో తరగతిలో 100 మంది చేరారనుకోండి. తరువాత 25 మంది వేరే బళ్లకు మారారు. 20 మంది కొత్తగా వచ్చారు. మొత్తం 95 మంది. వీరిలో 15 మంది మధ్యలో చదువు మానేశారు. మిగిలిన 80 మందిలో 76 మంది నాలుగేళ్లలో చదువు ముగించారు.

80 మందిలో 76 అంటే 95 శాతం. ఎంత గొప్ప ఫలితం! కాని అలా చెప్పుకోవడానికి వీల్లేదు. మానేసినవారినీ కలుపుకొని, 95 మందిలో 76 అని లెక్క కట్టాలి. అప్పుడది 80 శాతమే.

ఎందుకంటే, మానేసిన పిల్లలు కూడా ఆ బడి పిల్లలే. వారిని లెక్కలోంచి తీసేస్తే, వారు ఎందుకు మానేశారని అడిగేవారే ఉండరు.

ఈసారి ఏ బడి ఫలితాలైనా చూసినప్పుడు, "ఎంతమంది పాసయ్యారు?" అని మాత్రమే కాక, "మొదట ఎంతమంది చేరారు?" అని కూడా అడగండి.